కూడు ఎవరిది? అన్నం ఎవరిది?

తెలుగులో ఉడికించిన గింజకు చాలా పేర్లున్నాయి. కూడు, బువ్వ, అన్నం, సంకటి, గటక, చద్ది, మెతుకు. పైకి చూస్తే ఇవన్నీ కడుపు నింపే వస్తువుకు పెట్టుకున్న పేర్లే. నిఘంటువులు కూడా అట్లాగే చూస్తాయి. కూడు అంటే అన్నం, ఆహారం అని అర్థం రాసి ఊరుకుంటాయి. కాని ఊళ్లోకి పోయి ఒక ఆసామిని "కూడు తిన్నారా" అని అడిగి చూడండి. ఏం జరుగుతుందో ఏ నిఘంటువూ చెప్పదు. అదే ఆసామి తన జీతగాణ్ని "కూడు తిన్నావురా" అని అడిగితే ఎవరికీ ఏమీ అనిపించదు. పైగా అడిగినందుకు దయగలోడనే పేరు కూడా వస్తుంది. ఒకే మాట పైకి పోతే తిట్టు, కిందికి వస్తే దయ ఎట్లా అయింది?

కూడు అన్న మాట తనంతట తాను చెడిపోలేదని మేము అనుకుంటున్నాము. దాన్ని తినే మనుషుల్ని ఎక్కడ నిలబెట్టారో మాటను కూడా అక్కడే నిలబెట్టారు. అన్నం అన్న మాట కూడా తన గుణం వల్ల పైకెక్కలేదు. దాన్ని పెట్టే చేతి పెద్దరికం వల్ల ఎక్కింది. ఈ రెండు మాటల కథను భాషాచరిత్రగానే చదివితే సగమే తెలుస్తుంది. మిగిలిన సగం కులం చరిత్ర.

మాటల పుట్టుక

ముందు పుట్టుక సంగతి చూద్దాం. కూడు ద్రావిడ మాట. బరో, ఎమెనో కలిసి 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తమిళం, మలయాళం కూళ్‌ను, కన్నడం కూళును, తెలుగు కూడును ఒకే చోట పెట్టింది. తమిళంలో నాలుక మడిచి పలికే ఆ ళకారం తెలుగులో డకారం కావడం మామూలే. తమిళం ఏళు మనకు ఏడు, కోళి మనకు కోడి. ఆ దారిలోనే కూళ్ కూడు అయింది. తమిళంలో కూళ్ అంటే ఇప్పటికీ రాగులతోనో సజ్జలతోనో కాచిన చిక్కటి జావ. ఆడి నెలలో మారెమ్మ గుళ్ల దగ్గర కుండలకొద్దీ కాచి వచ్చినవాళ్లందరికీ పోస్తారు. అంటే ఈ మాటకు మొదట్నించీ వరితోనే ముడి లేదు. ఏ గింజ అయినా సరే, ఉడికితే కూడు.

అన్నం సంస్కృతం. తినడం అనే అర్థమున్న 'అద్' ధాతువు నుంచి వచ్చింది. అసలు అర్థం తినబడినది అనే. అందులో వరీ లేదు, పవిత్రతా లేదు. ఈ మాట తెలుగులోకి వచ్చాక కూడా చాలాకాలం వరికి కట్టుబడి లేదు. జొన్నన్నం, కొర్రన్నం అనే మాటలు రాయలసీమలో ఇంకా బతికే ఉన్నాయి. అన్నం అంటే తెల్లటి వరన్నమే అనే అర్థం బలపడడానికి కాలువల నీళ్లు కావాల్సొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా మాగాణి అయింది. ఆ మాగాణి మీద హక్కున్న కులాల చదువు, పత్రికలు, పాఠ్యపుస్తకాల్లోంచే తర్వాతి కాలపు శిష్టవ్యావహారికం కూడా వచ్చింది. అంటే వరన్నమూ, ప్రమాణభాషా ఒకే పొలంలో పండాయి. ఆ పొలంలో నాట్లేసిన వాళ్ల మాట మాత్రం ప్రమాణం కాలేదు.

మర్యాద మెట్లు

ఇప్పుడు వాడకం చూద్దాం. తెలుగులో తిండి గురించి అడగడానికి మెట్లున్నాయి. అన్నిటికన్నా పైమెట్టు "భోజనం చేశారా". దాని కింద "అన్నం తిన్నారా". దాని కింద "బువ్వ తిన్నవా". ఆ కింద "కూడు తిన్నావా". కోపమొస్తే ఇంకో మెట్టు దిగి "మేశావా" అంటారు. అప్పుడు తిండి మేత అవుతుంది, మనిషి గొడ్డు అవుతాడు. ఎవరు ఎవర్ని ఏ మెట్టు మీద నిలబెట్టి అడుగుతున్నారో వింటే చాలు, వాళ్ల కులాలు అడగక్కర్లేదు.

బువ్వ సంగతి మరీ విచిత్రం. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా మాదిగ, మాల వాడల్లో బువ్వ పెద్దల మాట. పొద్దంతా కలుపు తీసొచ్చిన అరవై ఏండ్ల అవ్వ కూడా "బుక్కెడు బువ్వ తిన్న బిడ్డా" అంటుంది. అదే బువ్వ పుస్తకాల తెలుగులో పసిపిల్లల మాట. పాలు మరిపించేటప్పుడు తల్లి అనే ముద్దుమాట. మా వాడల నుంచి మొదటిసారి బడికి పోయిన మా తరానికి ఇది బాగా అనుభవం. బడిలో పిల్లోడు "బువ్వ తిన్న సార్" అంటే తరగతంతా నవ్వేది. "ఇంకా పసిపిల్లోడివా, అన్నం అనాలి" అని దిద్దేవాళ్లు. దిద్దినాయన చెడ్డవాడని కాదు. ఆయన చదివిన తెలుగులో ఆ మాటకు అదొక్కటే చోటు. కాని ఆ పిల్లోడికి తెలిసొచ్చింది ఇంకొకటి. ఇంట్లో అమ్మ, అవ్వ మాట్లాడేది ఎదిగిన మనుషుల భాష కాదని. ఒక జాతి జాతినంతా ఎదగనివాళ్లుగా చూడడానికి పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. రెండక్షరాల మాట చాలు.

కూడు చేరిన సమాసాలు చూడండి. దొంగకూడు, పాచికూడు, పిండాకూడు, తేరకూడు, దండగకూడు. అన్నం చేరినవి చూడండి. అన్నదానం, అన్నదాత, అన్నపూర్ణ, అన్నసత్రం, అన్నప్రాశన. మొదటి వరసలో ఉన్నది తినేవాడి మీద అనుమానం. దొంగతనంగా తిన్నాడు, పనిచేయకుండా తిన్నాడు, ఉత్తపుణ్యానికి తిన్నాడు. రెండో వరసలో ఉన్నది పెట్టేవాడి గొప్ప. ఒక పక్క తప్పు, ఇంకో పక్క పుణ్యం. ఆకలితో ఏడ్చేవాడి నోట కూడా మన సామెత "అన్నమో రామచంద్రా" అనే అనిపిస్తుంది. అంటే అడుక్కునేటప్పుడు కూడా పెట్టేవాడి మాటతోనే అడగాలి.

కులం కూడు పెడుతుందా?

మన ఊళ్లల్లో ఒక మాట తరచుగా వినపడుతుంది. "కులం కూడు పెడుతుందా?" అని. కులం గురించి మాట్లాడితే నోరు మూయించడానికి ఇప్పుడిది బాగా పనికొస్తుంది. విశ్వవిద్యాలయాల్లో, సంఘాల్లో, కథల్లో, సినిమాల్లో అభ్యుదయం మాట్లాడే మిత్రులు కూడా ఇది అంటుంటారు. కులం వట్టి భ్రమ, అసలు సమస్య ఆకలి అని వాళ్ల భావం. మేము దీన్ని ఒప్పుకోలేము. ఈ దేశంలో కులం కూడు పెడుతుంది. కొందరికి కూర్చోబెట్టి పెడుతుంది, కొందరికి నిలబెట్టి, ఎడంగా, దోసిట్లో పోస్తుంది. ఎవరికి భూమి వచ్చిందో, ఎవరికి పాలేరుతనం వచ్చిందో, ఎవరి కూలి కుంచాల్లో కొలిచారో చూస్తే కులం పెట్టిన కూడు లెక్క తేలుతుంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులు ఊరి బయట ఉండాలనీ, పగిలిన పాత్రలో తినాలనీ, తిండికోసం ఇతరుల మీద ఆధారపడాలనీ శాసించింది. అదే అధ్యాయం శూద్రుడికి ఎంగిలి ఇవ్వాలంది. "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని బోర్డులు రాసుకునే సంస్కృతే, ఆ పరబ్రహ్మం మా చెయ్యి తగిలితే మైలపడుతుందని కూడా నమ్మింది. తగిలితే మైలపడే పరబ్రహ్మం ఎట్లాంటిదో ఆ బోర్డు రాసినవాళ్లే చెప్పాలి.

కూలి, కూడు అనే మాటలు వినడానికి దగ్గరగా ఉంటాయి. భాషాశాస్త్రం వీటిని వేరువేరు మాటలుగానే లెక్కపెట్టింది. కాని వాడలో బతుకు వీటిని విడదీయలేదు. గింజలు కూలిగా తెచ్చుకున్న తల్లి ఆ రాత్రే వాటిని దంచి, చెరిగి, వండితేనే పొయ్యి మీద కూడు. అది దానం కాదు. ముందే చెమటతో కట్టేసిన బాకీ. అయినా కల్లం దగ్గర ఆ గింజలు కొలిచినవాడే అన్నదాత అయ్యాడు.

'అన్నదాతా సుఖీభవ' అనేది విస్తరి ముందు నుంచి లేచేటప్పుడు పెట్టినవాణ్ని దీవించే మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రైతులకు డబ్బు సాయం చేసే పథకానికి ఇదే పేరు పెట్టారు. 2025లో అదే పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరాల లెక్కన ఇచ్చింది. ఎకరమే లేనివాళ్లకు లెక్కే లేదు, కౌలుదారుకూ లేదు. రైతుకు సాయం వద్దని మేము అనడం లేదు. మా ప్రశ్న వేరు. నాటేసిన చెయ్యి, కలుపు తీసిన చెయ్యి, కోసి మోసిన చెయ్యి అన్నదాత ఎందుకు కాలేదు? దళితుల్లో ఎక్కువమందికి సెంటు భూమి లేని రాష్ట్రాల్లో అన్నదాత అన్న బిరుదు పట్టా కాగితం చూసి ఇచ్చేదే అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో భూమిలేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలని వేరే పథకం తెచ్చింది. దానికి 'ఆత్మీయ భరోసా' అని పేరు పెట్టారు. రైతు పథకం పేరులో రైతు ఉన్నాడు. కూలి పథకం పేరులో కూలి లేడు, ఆత్మీయత ఉంది. హక్కుగా ఇచ్చేదానికి ఆత్మీయత ఎందుకో మాకు అర్థం కాలేదు.

పుస్తకాల్లో కూడు

సాహిత్యం ఈ విషయంలో ఏం చేసిందో కూడా చూడాలి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ చెప్పాడు. చోళరాజు గుర్రాలకు గడ్డి కోసే మాదిగ చెన్నయ్య రహస్యంగా శివుడికి అంబలి పెడితే, శివుడు రాజు పెట్టిన షడ్రసాలు వదిలి ఆ అంబలి తాగాడు. తెలుగు సాహిత్యంలో మా అంబలికి అంత గౌరవం ఇచ్చిన కావ్యాలు తక్కువ. దాన్ని మేము మరిచిపోము. కాని అక్కడ కూడా అంబలి దేవుడు తాగినందుకే గొప్పదైంది. చెన్నయ్య తాగినంతకాలం అది వట్టి అంబలే.

శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో పలనాటి జొన్నల మీద వెక్కిరింత ఉంది. సన్నబియ్యం దొరకని సీమలో రసికుడు ఎట్లా బతకాలని కవి బాధ. దాన్ని హాస్యమని తరతరాలుగా పాఠాలు చెప్పారు. ఆ జొన్న తిని బతికినవాళ్లు ఆ పద్యం వింటే ఏమనుకుంటారని ఏ వ్యాఖ్యాతా అడగలేదు. పోతన భాగవతంలో కృష్ణుడూ గోపబాలురూ చద్దులు ఆరగించే ఘట్టం తెలుగువాళ్లకు ఎంతో ఇష్టం. చద్ది అక్కడ లీల. అదే చద్ది జీతగాడి మూటలో ఉంటే నిన్నటి మిగులు. మాట ఒకటే, మూట ఒకటే. విప్పిన చెయ్యి మారితే అర్థం మారిపోయింది.

విమర్శకులు ఈ మార్పును రసం, ఔచిత్యం అనే పేర్లతో వివరించారు. మేము దాన్ని అధికారం అంటాము.

వామపక్ష ఉద్యమాలు కూడు అనే మాటను వీధుల్లోకి తెచ్చాయి. 'కూడు, గూడు, గుడ్డ' నినాదం గోడల మీదికెక్కింది. అది మంచి పనే. కాని ఆ మూడింటిలో మనిషి గౌరవానికి చోటు దొరకలేదు. పేదవాడంటే ఆకలేసే కడుపు అన్నట్టుగా నినాదం ఆగిపోయింది. 1985 జులై 17న కారంచేడులో దళితుల్ని వెంటాడి చంపింది కూటి కోసం జరిగిన తగాదాలో కాదు. తాము తాగే నీళ్ల చెరువులో గేదెను కడిగి మురికి చేస్తుంటే ఇదేంటని అడిగినందుకు. 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా నీళ్ల హక్కుతోపాటే, మిగిలిపోయిన ముక్కల కోసం చెయ్యి చాపడం మానమని తనవాళ్లకు చెప్పాడు. కూడు కావాలి, కాని ఎట్లా వచ్చిన కూడు అనేది కూడా తేలాలి. ఆ రెండో ప్రశ్న దళిత ఉద్యమం వేసింది.

కంట్రోలు బియ్యం నుంచి శ్రీ అన్న దాకా

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఆ బియ్యం గురించి ఇయ్యాల రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, పేదోళ్లను సోమరిపోతుల్ని చేసిందని. దీనికి జవాబు చెప్పడం కూడా దండగ. రెండోది కాస్త ఆలోచించాల్సింది. ఆ బియ్యం వచ్చి జొన్నల్ని, కొర్రల్ని, రాగుల్ని తరిమేసిందనీ, మెట్ట పంటలు పోయాయనీ అంటారు. అందులో నిజముంది. కాని నిజమంతా అది కాదు. పండగనాడు తప్ప వరి ఎరగని ఇంట్లో రోజూ అన్నం ఉడకడం వట్టి తిండి మార్పు కాదు. ఆసామి ఇంట్లో ఉడికేదే మా ఇంట్లోనూ ఉడుకుతుందనే ధీమా. మా తల్లులు గటక తిన్నది ఆరోగ్యం కోసం కాదు, వేరే గతిలేక. గతి దొరికినరోజు వాళ్లు అన్నం ఎంచుకున్నారు. ఆ ఎంపికను తప్పుపట్టే హక్కు తరతరాలుగా సన్నబియ్యం తిన్నవాళ్లకు లేదు.

అయితే కులం ఊరుకోదు. అన్నం అందరిదీ కాగానే బియ్యంలో మళ్లీ మెట్లు కట్టింది. రేషన్ బియ్యం 'కంట్రోలు బియ్యం' అయింది, దొడ్డుబియ్యం అయింది. "కంట్రోలు బియ్యం తినేటోడు" అనేది తిట్టుగా మారింది. సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న మా తరానికి ఆ దొడ్డన్నం ముద్ద ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 2015 జనవరి నుంచి బడులకు, హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. 2025 ఉగాదినాడు రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పథకాన్ని హుజూర్‌నగర్‌లో ప్రారంభించారు. దీన్ని ఓట్ల ఎత్తుగడ అన్నవాళ్లున్నారు. కావచ్చు. కాని సన్నం, దొడ్డు అనే రెండు మాటలు ఒక పిల్లోడి కంచంలో ఎంత బరువో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

సరిగ్గా మావాళ్లు సన్నబియ్యం దాకా వచ్చేసరికి అవతలివాళ్లు జొన్నల దగ్గరికి పోయారు. ఈ గింజల పేర్ల చరిత్ర చూడండి. పుస్తకాలు వీటిని తృణధాన్యాలు అన్నాయి. తృణం అంటే గడ్డిపోచ. ఇంగ్లీషు కాగితాల్లో ఇవి ముతక ధాన్యాలు. తర్వాత చిరుధాన్యాలు అన్నారు. ఇప్పుడు సిరిధాన్యాలు అంటున్నారు. గింజ మారలేదు, తినే నోరు మారింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ముతక అనే మాట తీసేసి పోషక ధాన్యాలు అని పేరు మార్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 2023 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి వీటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టి, హైదరాబాద్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థను ఉత్తమ కేంద్రంగా చేస్తామన్నారు.

శ్రీ అన్న అనే పేరులో ఏం జరిగిందో గమనించండి. మా ఇళ్లల్లో ఉన్నప్పుడు అది కూడు, గటక, సంకటి. వాళ్ల కంచంలోకి పోగానే సంస్కృతం అయింది, ముందర శ్రీ కూడా వచ్చి చేరింది. కూడుకు ద్రావిడ భాషల్లో చుట్టాలున్నారు. జొన్న, సజ్జ, కొర్ర, అరికె, సామ అని ప్రతి గింజకూ పేరుంది. ఆ పేర్లు పెట్టినవాళ్లు, విత్తనం కాపాడినవాళ్లు ఎవరో లెక్కలోకి రాలేదు. మెదక్‌ను మెతుకుసీమ అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ పాత జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత ఆడవాళ్ల సంఘాలు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఆ జొన్నల్నే తమ ఊళ్లల్లో పేదల ఇళ్లకు పంచే పద్ధతిని 1990లలోనే నడిపాయి. ఇళ్లల్లో బుట్టలకు మట్టి పూసి, వేపాకు, బూడిద కలిపి విత్తనం దాచిన చేతులవి. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కాని సిరిధాన్యాల దుకాణంలో అద్దాల డబ్బాల మీద ఆ ఆడవాళ్ల ఊసు కనపడదు. నగరంలో కిలో కొర్రల ధర చూసి మా అవ్వలు నోరు తెరుస్తారు. ఒకప్పుడు అవి తిన్నందుకు ఎగతాళి పడ్డారు, ఇప్పుడు కొనలేక వదిలేస్తున్నారు.

మనం చేయాల్సింది

కొందరు మిత్రులు, ఇకనుంచి మనం అన్నం అనొద్దు, కూడు అనే అందాం, అదే మన అస్తిత్వం అంటున్నారు. వాళ్ల కోపం అర్థమవుతుంది. కాని మాటను మార్చుకుంటే సరిపోదు. అన్నం కూడా మాదే. పండించింది మేమే గనక. కూడు మాదే, బువ్వ మాదే. ఏ మాట వాడినా అందులో తినేవాడు తల దించుకోకుండా ఉండాలి. 2013 జాతీయ ఆహారభద్రతా చట్టం తిండిని దానం అనలేదు, హక్కుగా రాసింది. చట్టం హక్కు అన్నదాన్ని ఊళ్లో, దుకాణం దగ్గర, పత్రికల్లో ఇంకా ఉచితం అనే పిలుస్తున్నారు. కార్యకర్తలు ముందుగా ఈ మాట దగ్గర కొట్లాడాలి. ఉచితం కాదు, హక్కు అని ప్రతిసారీ దిద్దాలి.

టీచర్లకు మా విన్నపం ఒకటే. పిల్లలు బువ్వ అంటే దిద్దకండి. అన్నం అనే మాట నేర్పండి, బువ్వను చెరిపి మాత్రం కాదు. పరిశోధక విద్యార్థులకు చేయాల్సిన పని చాలా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చి మంచి దారి వేశారు. అట్లాగే తిండి మాటల కోశం ఒకటి వాడల నుంచి రావాలి. మాటకు అర్థం రాస్తే సరిపోదు. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఏ కులం నోట ఏ కులం చెవికి చేరింది, తిట్టుగానా, దీవెనగానా, ఏ గింజ గురించి, కూలి ఎంత ఉన్నప్పుడు అనేవి రాయాలి. గటక అన్న మాటను జొన్నరవ్వతో చేసే వంట అని మాత్రమే రాస్తే అది వంటల పుస్తకం. అది ఎన్ని పూటలకు ఒకసారి ఉడికేదో, ఉడికినప్పుడు ఇంట్లో ఎవరు ముందు తిన్నారో, ఎవరికి అడుగుది మిగిలిందో కూడా రాస్తే అది చరిత్ర. మన ఇళ్లల్లో కూడా ఆడవాళ్లే చివర తిన్నారు. ఆ కోశంలో అదీ ఉండాలి.

ఆ మాటలు చెప్పగలిగిన అవ్వలు ఇంకా వాడల్లో ఉన్నారు. ప్రతి యేడూ కొందరు తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో ఇంటికి పోయే విద్యార్థులు ఒక నోటుబుక్కు పట్టుకొని పోవాలని కోరుతున్నాము.